పోలిష్ పేరు, ఒజిబ్వే రక్తం, మధ్యలో చర్చి: లూయిస్ ఎర్డ్రిక్ నవలల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్తాను, ఇవాళ మాట్లాడబోయే నవలల్లో చివర్లో ఏం జరుగుతుందో కూడా చెప్పేస్తాను, అది చెప్పకుండా నా మాట చెప్పడం కుదరదు. చదవాలనుకుంటున్నవాళ్ళు ఏమీ అనుకోవద్దు, కథ ముందే తెలిసినంత మాత్రాన పాడయ్యే నవలలు కావు ఇవి.

లూయిస్ ఎర్డ్రిక్. ఇప్పుడు రాస్తున్న అమెరికన్ రచయితల్లో నాకు అందరికంటే ఇష్టమైన ఆవిడ. 1954లో మిన్నెసోటాలో లిటిల్ ఫాల్స్ అనే ఊళ్ళో పుట్టింది, పెరిగింది పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో, వాపెటన్ అనే చిన్న టౌన్‌లో. నాన్న జర్మన్ సంతతి, అమ్మది ఒజిబ్వే, అంటే అమెరికా మూలవాసుల్లో ఒక జాతి, కొంత ఫ్రెంచ్. అమ్మానాన్నలిద్దరూ ఆ టౌన్‌లో మూలవాసుల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బోర్డింగ్ స్కూల్లో టీచర్లు. అమ్మ వైపు తాత ఒజిబ్వేల్లోనే టర్టిల్ మౌంటెన్ అనే తెగకి ఛైర్మన్‌గా చేశాడు, ఆయన జీవితం మీదే ‘ది నైట్ వాచ్‌మన్’ రాసింది, దానికి 2021లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నాన్న వైపు తాత జర్మనీ నుంచి వచ్చి మాంసం కొట్టు పెట్టుకున్న మనిషి. అంటే ఆవిడ ఇంట్లోనే ఒకవైపు ఓడెక్కి వచ్చినవాళ్ళు, ఇంకోవైపు ఆ భూమి ఎవరిదో వాళ్ళు, ఇద్దరూ ఆదివారం వెళ్ళేది మాత్రం కాథలిక్ చర్చికే. ఆవిడ నవలలన్నిటికీ మూలం ఇక్కడుంది అనిపిస్తుంది నాకు.

ఆర్గస్ అని నార్త్ డకోటాలో లేని ఊరొకటి కల్పించింది. ఆ ఊళ్ళో జర్మన్లు, నార్వే వాళ్ళు, పోలిష్ పేర్లున్నవాళ్ళు ఉంటారు. కోజ్కా వాళ్ళ మాంసం కొట్టు ఉంటుంది, వాట్స్కా అనే తాగుబోతు, అతని కూతురు డెల్ఫీన్ ఉంటారు. ఉత్తరంగా వెళ్తే రిజర్వేషన్, అంటే మూలవాసులకని ప్రభుత్వం మిగిల్చిన భూమి, అక్కడ నానాపుష్, ఫ్లూర్ పిల్లజర్, పాలీన్ పుయాట్, కాష్‌పా వాళ్ళు, లజార్ వాళ్ళు. ఈ రెండు చోట్ల మధ్య మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఒక నవలలో పక్కగా కనబడిన మనిషి పదేళ్ళ తర్వాత వచ్చిన ఇంకో నవలలో నడిమధ్యలో నిలబడి ఉంటుంది.

ఇప్పుడు కొంచెం చరిత్రలోకి వెళ్దాం. పోలండ్ 1795 నుంచి 1918 దాకా మ్యాప్‌లో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముగ్గురూ పంచేసుకున్నారు. దేశం లేదు, ప్రభుత్వం లేదు, చాలా చోట్ల బళ్ళో సొంత భాష కూడా లేదు, మిగిలింది చర్చి. రష్యా వాళ్ళు ఆర్థడాక్స్, ప్రష్యా వాళ్ళలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, మేం కాథలిక్కులం, అని చెప్పుకోవడమే మేం పోల్స్‌మి, పోలండ్ వాళ్ళం అని చెప్పుకోవడం అయ్యింది. 1901లో వ్జెష్న్యా అనే టౌన్‌లో ఏం జరిగిందో చూడండి, ప్రష్యా ప్రభుత్వం మతం క్లాసు కూడా జర్మన్‌లోనే చెప్పాలని ఆర్డరేసింది, పిల్లలు జర్మన్‌లో ప్రార్థన చెప్పం అని నోరు మూసుకుని కూర్చున్నారు, టీచర్లు బెత్తాలతో కొట్టారు, అడగడానికి వెళ్ళిన తల్లిదండ్రుల మీద కేసులు పెట్టి జైలుకి పంపారు. పిల్లలకి అక్కడ దేవుడు, భాష, ఇల్లు అన్నీ ఒకటే. పోలిష్ సంగీతకారుడు షోపెన్ సంగతి తీసుకోండి, 1830లో వార్సా వదిలిన మనిషి మళ్ళీ వెళ్ళలేకపోయాడు, 1849లో పారిస్‌లో చనిపోతే ఒళ్ళు అక్కడే పూడ్చారు, గుండె మాత్రం అక్క లుడ్విక వార్సాకి తీసుకొచ్చింది. ఇప్పటికీ హోలీ క్రాస్ చర్చిలో ఒక స్తంభంలో ఉంది అది. దేశం లేని వాళ్ళు గుండెని ఎక్కడ దాచుకున్నారో చూడండి, చర్చిలో.

ఆ జనమే అమెరికా వచ్చి, మిన్నెసోటాలో, నార్త్ డకోటాలో పొలాలు తీసుకుని, ముందు చేసిన పని చర్చి కట్టుకోవడం. నార్త్ డకోటాలో వార్సా అనే పేరుతోనే ఒక పల్లె ఉంది, ఆ పల్లెకి ఎన్నో రెట్లు పెద్దదిగా కనబడే సెయింట్ స్టానిస్లాస్ చర్చి ఉంది. ఐరిష్ బిషప్పులతో, జర్మన్ బిషప్పులతో వీళ్ళు ఎంత గొడవ పడ్డారంటే, పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ అనే ఊళ్ళో 1897లో విడిపోయి సొంతంగా పోలిష్ నేషనల్ కాథలిక్ చర్చి పెట్టేసుకున్నారు.

ఇప్పుడు ఒజిబ్వే వాళ్ళ వైపు నుంచి చూద్దాం. అదే చర్చి, అవే జపమాలలు, కానీ ఇక్కడ చర్చి వచ్చింది ప్రభుత్వం చెయ్యి పట్టుకుని. 1883లో ప్రభుత్వం పెట్టిన రూల్స్ ప్రకారం మూలవాసుల డాన్సులు నేరం, వాళ్ళ వైద్యులు చేసే పూజలు నేరం. వాళ్ళ మతాన్ని ఆచరించుకునే స్వేచ్ఛని కాపాడతాం అని చట్టం రావడానికి 1978 దాకా పట్టింది. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళకి తీసుకెళ్ళారు, వాటిలో చాలా చర్చిలు నడిపినవే, జుట్టు కత్తిరించారు, ఇంటి భాష మాట్లాడితే కొట్టారు. వ్జెష్న్యాలో పోలిష్ పిల్లలకి జరిగింది, సుమారు అవే సంవత్సరాల్లో, డకోటాలో ఒజిబ్వే పిల్లలకి జరిగింది. ఒక్క తేడా, వ్జెష్న్యా పిల్లలకి కొట్టే టీచర్ ఎదుట వెనక్కి తగ్గకుండా నిలబడ్డానికి చర్చి ఉంది, డకోటాలో చాలా చోట్ల కొట్టేదే చర్చి. భూమి సంగతైతే, టర్టిల్ మౌంటెన్ వాళ్ళ దగ్గర సుమారు కోటి ఎకరాలు పది లక్షల డాలర్లకి రాయించుకున్నారు, ఎకరా పది సెంట్లు. 1892లో ఒప్పందం, 1904లో కాంగ్రెస్ ఆమోదం, ఇప్పటికీ అక్కడ దాన్ని టెన్ సెంట్ ట్రీటీ అనే అంటారు. మిగిలిన రిజర్వేషన్ ఆరు మైళ్ళకి పన్నెండు మైళ్ళు. పోయిన భూమిలో వచ్చి దున్నుకున్నవాళ్ళలో జర్మన్లు ఉన్నారు, నార్వే వాళ్ళు ఉన్నారు, దేశం పోగొట్టుకుని వచ్చిన పోల్స్ కూడా ఉన్నారు. ఇది ఎవర్నీ తప్పుపట్టడానికి అనట్లేదు, ఆ పల్లెల్లో దిగినవాళ్ళకి ఆ భూమి ఎలా ఖాళీ అయ్యిందో తెలియకపోయి ఉండొచ్చు, కానీ ఈ రెండు కథలు ఒకే నేల మీద ఉన్నాయి అనేది మర్చిపోతే ఎర్డ్రిక్ నవలలు సగమే అర్థమవుతాయి.

సరే, పాలీన్ దగ్గరికి వద్దాం. నాకు నిద్ర పట్టనివ్వని పాత్ర ఈమె. ‘ట్రాక్స్’ అనే నవల, 1988లో వచ్చింది, కథ 1912 నుంచి 1924 దాకా. క్షయ రోగంతో తెగలో ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అవుతున్న కాలం. ఇద్దరు మార్చి మార్చి కథ చెప్తారు, ఒకరు ముసలాయన నానాపుష్, ఇంకొకరు పాలీన్. పాలీన్ ఒజిబ్వే, ఫ్రెంచ్ కలిసిన కుటుంబంలో పిల్ల. తెల్లవాళ్ళలా బతకాలని చిన్నప్పట్నుంచీ పట్టుదల, తండ్రిని బతిమాలి ఆర్గస్ వెళ్ళి అక్కడ కోజ్కా వాళ్ళ మాంసం కొట్టులో పనికి కుదురుతుంది. ఇంటి భాష మాట్లాడడం మానేస్తుంది. ఆ కొట్టులోనే ఫ్లూర్ అనే ఒజిబ్వే అమ్మాయి కూడా పనిచేస్తుంది, ఒంటరి మనిషి, భయం లేని మనిషి, రాత్రిళ్ళు అక్కడి మగవాళ్ళతో పేకాడి గెలుస్తుంది. ఒక ఆడది, అదీ ఇండియన్, అంటే మూలవాసి, తమ డబ్బు గెలుచుకోవడం భరించలేక ఆ మగవాళ్ళు ఆమె మీద దాడి చేస్తారు. పాలీన్ అక్కడే ఉంది, కదల్లేదు. మర్నాడు పెద్ద సుడిగాలి వస్తే ఆ మగవాళ్ళు ముగ్గురూ మాంసం నిలవ చేసే ఐసు గదిలో దాక్కుంటారు, బయట గడియ పడుతుంది. ఆ గడియ, ఆ మౌనం, రెండూ పాలీన్‌ని జీవితాంతం వదలవు.

తర్వాత ఆమె సిస్టర్ అవ్వాలనుకుంటుంది. ఆ కాన్వెంట్‌లో ఇండియన్ అమ్మాయిల్ని తీసుకోరు. అప్పుడు ఆమెకి ఒక దర్శనం కలుగుతుంది, క్రీస్తే వచ్చి చెప్పాడట, నువ్వు అనుకుంటున్న మనిషివి కాదు నువ్వు, నీలో ఒక్క చుక్క కూడా ఇండియన్ రక్తం లేదు, పూర్తిగా తెల్లదానివి అని. ఇది మామూలు అబద్ధం కాదండీ, ఆమె నమ్ముతుంది దాన్ని. లోపలికి రానివ్వని తలుపు ఒకటి ఉంది, దాన్ని తెరవమని అడగడానికి బదులు ఆమె తనని తాను చెరిపేసుకుంది, ఆ చెరిపే పని దేవుడి చేత చేయించింది. ఆ తర్వాత ఒంటిని శిక్షించుకోవడం మొదలవుతుంది, కుడి ఎడమ బూట్లు తారుమారు చేసి తొడుక్కుంటుంది, బంగాళదుంపల గోనెసంచితో లోబట్టలు కుట్టుకుంటుంది. తను కన్న బిడ్డని వేరేవాళ్ళకి వదిలేస్తుంది. ఆ బిడ్డ తండ్రినే, సరస్సులో ఉండే మిషిపేషు అనే దయ్యం అనుకుని, జపమాలతో గొంతు బిగించి చంపేస్తుంది. అంటే చూడండి, తన తెగ నమ్మకాలన్నీ అబద్ధం అని వదిలేసిన మనిషి, ఆ సరస్సు దయ్యాన్ని మాత్రం వదల్లేకపోయింది. నమ్మకం పోలేదు, దాంట్లో ఉన్న ప్రేమ పోయింది, భయం ఒక్కటీ మిగిలింది.

ఇక్కడ నేను చెప్పాలనుకున్నది చెప్తాను. పాలీన్ కాథలిక్ అవ్వడం ఈ నవలల్లో తప్పు కాదు. మతం మారడం వేరు, నావాళ్ళు నావాళ్ళు కారు అనడం వేరు. ఎర్డ్రిక్ ఈ రెండిటినీ చాలా జాగ్రత్తగా విడదీస్తుంది, మనం చర్చల్లో ఎప్పుడూ కలిపేస్తాం.

మనకి ఇది దూరం విషయం కూడా కాదు. మన దగ్గర 1950 ప్రెసిడెన్షియల్ ఆర్డర్ వల్ల దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, అందుకే ఎన్నో తెలుగు కుటుంబాల్లో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. ఇక్కడ మతాన్ని బట్టి నువ్వెవరో ప్రభుత్వం చెప్తుంది, అక్కడ చాలా తెగల్లో రక్తంలో ఎన్నో వంతు అనే లెక్క చెప్తుంది. ఇంకో సంగతి, గుంటూరులో 1842లో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హేయర్, మన దగ్గర్నుంచి వెళ్ళాక పనిచేసింది మిన్నెసోటాలోనే, 1860లో అక్కడి లూథరన్ సినడ్, అంటే చర్చిల సంఘం, పెట్టాడు, తర్వాత మళ్ళీ ముసలితనంలో రాజమండ్రి వచ్చాడు. గుంటూరుకీ ఆ ఉత్తరపు చలికీ మధ్య ఒకే మనిషి అడుగులు ఉన్నాయన్నమాట.

పాలీన్ తర్వాత సిస్టర్ లియోపోల్డా అవుతుంది. ‘లవ్ మెడిసిన్’ అని 1984లో వచ్చిన మొదటి నవలలో ఆమె ముసలి టీచర్. 1934లో మరీ లజార్ అని పద్నాలుగేళ్ళ పిల్ల కొండ మీద కాన్వెంట్‌కి వెళ్తుంది. ఎందుకు వెళ్తుందో తెలుసా, అందరూ నా ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి, నేను సెయింట్ అవ్వాలి అని. రిజర్వేషన్‌లో అందరికంటే తక్కువగా చూసే కుటుంబం ఆ పిల్లది. వంటగదిలో ఇద్దరూ రొట్టె చేస్తుంటారు. కప్పు జారి పొయ్యి కిందకి దొర్లుతుంది, పిల్ల బోర్లా పడుకుని చెయ్యి పెట్టి తీయబోతుంది, లియోపోల్డా మెడ మీద కాలు వేసి కెటిల్‌లో మరిగే నీళ్ళు పోస్తుంది, నీలో ఉన్న సైతాన్‌ని వెళ్ళగొడుతున్నా అంటూ. తర్వాత మరీ ఆమెని పొయ్యిలోకి తన్నబోతుంది, ఆవిడ తిరిగి ఫోర్కుతో పిల్ల అరచేతిలో పొడిచి, ఇనప కడ్డీతో తల మీద కొడుతుంది. పిల్లకి స్పృహ వచ్చేసరికి సిస్టర్లందరూ చుట్టూ మోకాళ్ళ మీద ఉన్నారు. చేతిలో గాయం చూపించి, ఇది క్రీస్తు గాయం, దానంతట అదే వచ్చింది అని లియోపోల్డా చెప్పేసింది. మరీ కోరుకున్నది దొరికింది, అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, కానీ ఆ క్షణంలో ఆ పిల్లకి లియోపోల్డా మీద జాలి వేస్తుంది, వెంటనే ఆ జాలి గెలిచిన ఆనందాన్ని కూడా చప్పబరిచేస్తుంది. ‘ట్రాక్స్’ చదివాక మనకి తెలుస్తుంది, పాలీన్ వదిలేసిన బిడ్డే ఈ మరీ. అంటే ఆ వంటగదిలో ఉన్నది తల్లీ కూతుళ్ళు. సైతాన్ అని ఆవిడ వెళ్ళగొట్టాలని చూసింది తన సొంత రక్తాన్నే. ఈ సంగతి తెలిసి మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ చాప్టర్ చదివితే చేతులు వణుకుతాయి.

కానీ మరీ దేవుణ్ణి వదలదు. ఇదే నాకు నచ్చింది. కాన్వెంట్ దిగొచ్చి నెక్టర్ కాష్‌పాని పెళ్ళి చేసుకుని, సొంత పిల్లల్నీ, దిక్కులేని పిల్లల్నీ పెంచుతుంది. వాళ్ళలో ఒకడు లిప్షా. ముసలి నెక్టర్‌కి మతి తప్పుతోంది, వేరే ఆవిడ వెంట పడుతున్నాడు, మందు పెట్టరా అని మరీ లిప్షాని అడుగుతుంది. జీవితాంతం జంట విడవని బాతుల గుండెలు కావాలి, వాడికి దొరకవు, షాపులో ఐసు పట్టిన టర్కీ కోళ్ళు కొని ఆ గుండెలు తీస్తాడు. ఫాదర్‌ని దీవించమంటే కుదరదంటాడు, సిస్టర్ని అడిగితే ఆవిడా ఒప్పుకోదు, చివరికి వాడే పవిత్ర జలంలో వేళ్ళు ముంచి పని కానిస్తాడు. ఆ గుండె గొంతులో అడ్డం పడి నెక్టర్ చచ్చిపోతాడు. చదువుతూ నవ్వుతాం, ఒక్క లైన్‌లో ఆ నవ్వు ఆగిపోతుంది. అదే చాప్టర్లో ముందు నెక్టర్ చర్చిలో ప్రార్థనలు గట్టిగా అరుస్తుంటాడు, లేకపోతే దేవుడికి వినబడదని. లిప్షా ఆలోచిస్తాడు, దేవుడికి చెవుడు వచ్చినట్టుంది, మా పాత దేవుళ్ళు సరిగ్గా అడిగితే పనిచేసేవాళ్ళు, కానీ ఎలా అడగాలో ఆ పద్ధతి మాకు పోయింది అని. ఆ పద్ధతి ఎలా పోయిందో ఇందాక చెప్పిన 1883 రూల్స్, ఆ బోర్డింగ్ స్కూళ్ళు గుర్తుచేసుకోండి, వాడి చేతిలో ఐసు కోడి గుండె ఎందుకుందో తెలుస్తుంది.

పాలీన్‌కి సరిగ్గా ఎదురు మనిషి ఫాదర్ డామియన్. 2001 నవల ‘ది లాస్ట్ రిపోర్ట్ ఆన్ ద మిరకిల్స్ ఎట్ లిటిల్ నో హార్స్’. ఈయన నిజానికి ఆగ్నెస్ అనే స్త్రీ. ముందు సిస్టర్ సిసీలియా, కాన్వెంట్‌లో పియానో మీద షోపెన్ వాయించేది, ఆ వాయించడంలో ఉన్న ఆవేశానికి మిగతా సిస్టర్లు కలవరపడేవాళ్ళు, చివరికి కాన్వెంట్ వదిలి వచ్చేసింది. 1912 వరదలో కొట్టుకుపోయి బయటపడ్డాక, చనిపోయిన ఒక ప్రీస్ట్ బట్టలు వేసుకుని, ఆయన పేరుతోనే రిజర్వేషన్‌కి వెళ్తుంది, చచ్చేదాకా ఫాదర్‌గానే బతుకుతుంది. పాలీన్ తన తెగని కాదని తెల్లదాన్నని నమ్మించుకుంటే, ఈ తెల్ల మనిషి రిజర్వేషన్‌కి వచ్చి ఒజిబ్వే భాష నేర్చుకుని, ఆ భాషలో ప్రార్థన చేసి, నానాపుష్‌ని గురువులా, స్నేహితుడిలా చూసి, తను మతం మార్చడానికి వచ్చిన చోట తనే మారిపోతుంది. అక్కడా ఒక పియానో వస్తుంది, వాయిస్తుంటే చర్చి కింద రాళ్ళలోంచి పాములు బయటికొచ్చి వింటాయి. ఏ కాథలిక్ పుస్తకంలోనైనా పాము అంటే సైతానే, డామియన్ మాత్రం వాటిని తరిమెయ్యదు. పోలిష్ గుండె అని నేను ఇందాక చెప్పిన షోపెన్ సంగీతం ఒజిబ్వే నేల మీద పాములకి వినబడడం, నవల మొత్తంలో నాకు అన్నిటికంటే అందమైన చోటు అది. లియోపోల్డాని సెయింట్ చేయాలా అని విచారించడానికి వాటికన్ తరఫున ఒక ప్రీస్ట్ వస్తాడు, ఆ ప్రీస్ట్ ముందు నిజమైన సెయింట్ ముసలి డామియన్ రూపంలో కూర్చుని ఉంది, ఆయనకి అది నెమ్మదిగా తెలుస్తుంది.

ఇక డెల్ఫీన్ వాట్స్కా. 2003లో వచ్చిన ‘ది మాస్టర్ బుచర్స్ సింగింగ్ క్లబ్’. డెల్ఫీన్, సిప్రియన్ లజార్ ఇద్దరూ ఊరూరా తిరిగి బ్యాలెన్సింగ్ విద్య చూపించే జోడీ, మొగుడూపెళ్ళాలమని చెప్పుకుంటారు. సిప్రియన్ ఒజిబ్వే, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున కొట్లాడి గాయపడ్డాడు, మగవాళ్ళని ఇష్టపడతాడు, రెండు సంగతులూ ఆర్గస్ లాంటి ఊళ్ళో దాచుకునే బతకాలి. డెల్ఫీన్‌ని చూడండి, పోలిష్ పేరు ఉంది, కానీ దాని వెనక చర్చి లేదు, పండగ లేదు, పాట లేదు. ఆమె ఆ పేరుని ఎప్పుడైనా కింద పెట్టేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. సిప్రియన్ తనదాన్ని కింద పెట్టలేడు, దాచగలడు అంతే. వలస వచ్చిన తెల్లవాళ్ళకీ మూలవాసులకీ మధ్య ఉన్న తేడాని ఇంతకంటే తేలిగ్గా చూపించిన నవల నేను చదవలేదు.

చివర్లో తెలిసేది ఏంటంటే, డెల్ఫీన్ అసలు వాట్స్కా బిడ్డే కాదు. పుట్టగానే మరుగుదొడ్డిలో పడేస్తే, స్టెప్ అండ్ ఎ హాఫ్ అని ఊరంతా తిరిగి పాత గుడ్డలు ఏరుకునే ఆమె, అందరూ వింతగా చూసే మూలవాసి ఆమె, బయటికి తీసి బతికించి, రాయ్ వాట్స్కా చేతిలో పెట్టింది. ఆమె చిన్నప్పుడు 1890లో వూండెడ్ నీ మారణకాండ నుంచి తప్పించుకున్న మనిషి. కాబట్టి పోలిష్ పేరున్న ఈ అమ్మాయికి ఊపిరి పోసింది, తన జనాన్ని సైన్యం చంపుతుంటే చూసిన ఒక మూలవాసి స్త్రీ. ఇందులో మతం మాట ఒక్కటి లేదు, బాప్తిస్మం లేదు, సర్టిఫికెట్ లేదు.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది నాకు. ఎర్డ్రిక్ పోలిష్ పాత్రలకి పేర్లు ఇచ్చింది కానీ వాళ్ళ చర్చిని ఇవ్వలేదు. కోజ్కా వాళ్ళ ఇంట్లో పోలిష్‌తనం బోర్డు మీద పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ పల్లెల్లో బోలెడు అప్పులు చేసి ఆకాశమంత చర్చిలు కట్టిన జనం, సొంత భాషలో ఒక ప్రార్థన కోసం బిషప్పులతో తగాదా పడిన జనం, వాళ్ళ నమ్మకం లోపల్నుంచి చూపించి ఉంటే, మరీ వంటగదికీ వ్జెష్న్యా క్లాస్‌రూంకీ మధ్య ఉన్న దారి నవలలోనే కనబడేది, నేను ఇక్కడ నిలబడి కలపాల్సిన పని ఉండేది కాదు. ఒజిబ్వే వైపు ఆవిడ చూపించిన లోతు చూశాక ఈ లోటు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

2022 జులైలో పోప్ ఫ్రాన్సిస్ కెనడా వెళ్ళి అక్కడి మూలవాసుల బోర్డింగ్ స్కూళ్ళ విషయంలో క్షమాపణ చెప్పాడు, మరుసటి ఏడాది మార్చిలో వాటికన్, మూలవాసుల భూములు ఆక్రమించడానికి వాడుకున్న డాక్ట్రిన్ ఆఫ్ డిస్కవరీని తోసిపుచ్చింది. డామియన్ నవల అంతా పోప్‌లకి ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు, ఒక్కదానికీ సరైన జవాబు రాదు. ఆ వార్త వచ్చిన రోజు నాకు ఆ ఉత్తరాలే గుర్తొచ్చాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, ‘ట్రాక్స్’ ముందు చదవండి, చిన్న పుస్తకం, తర్వాత ‘లవ్ మెడిసిన్’, ఆ రెండూ అయ్యాక డామియన్ దగ్గరికి వెళ్ళండి. ఆర్గస్ నవలలు ఎప్పుడైనా చదవొచ్చు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, మైక్ వెనక వరస వాళ్ళకి ముందు ఇవ్వండి.